ఓటమి ఎరగని జట్టు, నూరైన్ మోకాలు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసి, ఒమాన్ రాజధాని మస్కట్‌లో మైదానాలు మళ్ళీ తెరిచిన మరుసటి ఏడాది సంగతి ఇది. అక్కడి ఖురం ప్రాంతంలోని ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మాది కాకినాడ. నగరంలోని ఒక ప్రైవేటు కాలేజీతో మా క్లినిక్‌కు ఒప్పందం ఉండేది. అక్కడి అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో ఎవరికైనా దెబ్బ తగిలితే చూడటం, మ్యాచ్‌ల రోజున మైదానం పక్కన మందుల సంచీ పట్టుకుని కూర్చోవడం నా డ్యూటీ. ఆ జట్టులో ఆడిన నూరైన్ సరేనన్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

ముందు ఆ జట్టు గురించి చెప్పాలి. కాలేజీల మధ్య అమ్మాయిల కప్పు మొదలైన ఏడాది నుంచీ ప్రతిసారీ వాళ్ళే గెలిచారు. మొదట్లో వాళ్ళకు మైదానమే లేదట. కాలేజీ వెనక కార్లు నిలిపే స్థలంలో, సాయంత్రం కార్లన్నీ వెళ్ళిపోయాక ప్రాక్టీసు చేసేవారట. ఆడపిల్లలకు బంతాటేమిటని కొన్ని ఇళ్ళలో గొడవలయ్యాయి. రెండో కప్పు గెలిచాక ఆ ఇళ్ళవాళ్ళే ఖర్జూరాలు, కహ్వా కాఫీ ఫ్లాస్కులు పట్టుకుని మ్యాచ్‌లకు రావడం మొదలుపెట్టారు. తర్వాత కాలేజీ టర్ఫ్ వేయించింది, ట్యునీషియా నుంచి సుమయ్య అనే కోచ్‌ను రప్పించింది. నేను చేరేసరికి, ఫైనల్ చేరిన ఎదుటి జట్టు కూడా రెండో బహుమతికే వచ్చినట్టు కనిపించేది.

కొత్తగా చేరిన అమ్మాయిలకు సీనియర్లు ఈ చరిత్రంతా చెప్పేవారు. అందులో అందరి నోటా వినిపించేది మొదటి కెప్టెన్ మర్యమ్ కథ. మోకాలు దెబ్బతిన్నా గుడ్డ బిగించి కట్టుకుని ఫైనల్ ఆడి, మొదటి కప్పు తెచ్చిన మనిషి ఆమె.

నేను చెప్పబోయే ఏడాది కెప్టెన్ నూరైన్. ఆఖరి సంవత్సరం చదువుతోంది. వాళ్ళది కడప. తండ్రికి మస్కట్‌లోనే అల్ హైల్‌లో ఏసీలు బాగుచేసే షాపు ఉంది. ఇంట్లో దక్ఖినీ మాట్లాడినా, నాతో మాత్రం కడప తెలుగులోనే మాట్లాడేది. రక్షణ వరుసలో మధ్యన నిలబడి, వెనక గోల్‌కీపర్‌ను, ముందు మిగతా జట్టును గొంతుతోనే నడిపించేది.

సెమీఫైనల్లో ఆమె బంతిని తలతో కొట్టడానికి ఎగిరి ఒంటికాలి మీద దిగింది. ఎవరూ తగల్లేదు. పడింది, లేచింది, నేను మైదానంలోకి వెళ్ళబోతే చెయ్యి అడ్డంగా ఊపింది. మ్యాచ్ ముగిసేదాకా ఆడింది. మర్నాడు టాక్సీ మాట్లాడుకుని ఒక్కతే క్లినిక్‌కు వచ్చింది. మోకాలు వాచి గుండ్రంగా ఉంది. దిగినప్పుడు లోపల 'టప్'మన్నట్టు వినపడిందని చెప్పింది.

ఇలాంటప్పుడు మేము లాక్‌మన్ టెస్ట్ చేస్తాం. మోకాలు కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో పిక్కను ముందుకు లాగుతాం. ఆరోగ్యంగా ఉన్న మోకాలు ఒకచోట గట్టిగా ఆగిపోతుంది. అలా ఆపేదే ఏసీఎల్ అనే లిగమెంట్, రెండు ఎముకలను పట్టి ఉంచే లోపలి కట్టు. నూరైన్ మోకాలు ఆగలేదు. ఎం.ఆర్.ఐ.లో కూడా అదే తేలింది. ఏసీఎల్ పూర్తిగా తెగిపోయింది. ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌కు మాత్రం ఏమీ కాలేదు.

"నడుస్తాండా గదక్కా," అంది నూరైన్. "వాపు తగ్గినాంక పరిగెత్తతా గూడా. ఫైనల్ రోజు గట్టిగా కట్టు కట్టు, సాలు. కోచ్‌కి మాత్రం సెప్పొద్దు."

ఆమె అన్నదాంట్లో కొంత నిజం ఉంది. ఏసీఎల్ తెగినవాళ్ళు కొందరు తిన్నగా పరిగెత్తగలరు. ఒక్కసారిగా మలుపు తిరిగితేనే మోకాలు జారుతుంది. జారిన ప్రతిసారీ మెనిస్కస్ చిరిగే ప్రమాదం ఉంటుంది. అది పోతే ఆపరేషన్‌తో పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఇదంతా ప్లాస్టిక్ మోకాలి బొమ్మ చేతిలో పెట్టి చెప్పాను. ఆమె బొమ్మ వైపు చూడలేదు.

"మా కాలేజీ ఒక్కసారి గూడా ఓడిపోలేదక్కా. నేను కెప్టెన్‌గా ఉన్న యేడే ఓడిపోవల్లనా?"

రోగి విషయం రోగి ఒప్పుకోకుండా బయట పెట్టకూడదు. ఇది మా వృత్తిలో మొదటి నియమం. అందుకని ఆమెకు రెండు మాటలు చెప్పాను. ఆమె సంగతి నా నోట కోచ్‌కు తెలియదు. ఈ మోకాలితో ఆడొచ్చని మాత్రం ఎవరడిగినా చెప్పను, కట్టు కట్టి మైదానంలోకి పంపను. ఆమె లేచి కుంటుతూ వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత సుమయ్య ఫోన్ చేసింది. నూరైన్ జ్వరమని ప్రాక్టీసుకు రావట్లేదు, నీకేమైనా తెలుసా అని అడిగింది. నూరైన్‌నే అడగమన్నాను. సుమయ్య కోచింగ్‌లో పండిపోయిన మనిషి, నా మాట వెనక ఏదో ఉందని గ్రహించే ఉంటుంది. సరేనని ఫోన్ పెట్టేసింది.

ఈలోగా నూరైన్ ఇంకో దారి వెతుక్కుంది. మర్యమ్ నంబరు సంపాదించి ఫోన్ చేసి, జరిగింది చెప్పింది. తనను ఆడమనే మనిషి ఒక్కరైనా కావాలి ఆమెకు. మర్యమ్ ఇప్పుడు మస్కట్ పక్కనే ఉన్న అల్ అమెరాత్‌లో బడిపిల్లలకు ఆటలు నేర్పే టీచరు. ఫోన్లో ఆడమనో వద్దనో చెప్పకుండా, మర్నాడు నూరైన్‌ను వెంటబెట్టుకుని మా క్లినిక్‌కు వచ్చింది. బలూచీ కుటుంబపు ఒమానీ స్త్రీ, ఉర్దూ ధారాళంగా వచ్చు. నన్ను పలకరించి, పక్క బల్ల మీద పడుకుని, ముందు తన మోకాలు చూడమంది. చూసి ఏముందో ఈ అమ్మాయికి వినపడేలా చెప్పమంది.

చూశాను, చూసింది నూరైన్‌కు వినపడేలా చెప్పాను. ఆ మోకాలు సగం దాకా కూడా వంగదు. లోపల మెత్తలు చాలావరకు ఆపరేషన్‌లో తీసేశారట. కదిలిస్తే ఎముక మీద ఎముక గరగరమని రాసుకుంటోంది. ఆమెకింకా నలభై రాలేదు. మెట్లు ఒక్కొక్కటిగా దిగుతానని, నమాజు కుర్చీలో కూర్చునే చేస్తానని ఆమే చెప్పింది.

ఆ ఫైనల్ రోజు ఆడినందుకు బాధపడుతున్నారా అని నూరైన్ ఆమెను ఉర్దూలో అడిగింది. నేనూ ఆ జవాబు కోసమే ఎదురుచూశాను.

"అబద్ధం చెప్పను. ఆ కప్పు నా జీవితంలో చాలా మంచి రోజు," అంది మర్యమ్. "కానీ లోపల ఏం తెగిందో నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. నీకు చెప్పారు. ఆడాలనుకుంటే ఆడు. మర్యమ్ కూడా ఆడింది కదా అని మాత్రం ఆడకు."

ఆ సాయంత్రమే నూరైన్ కోచ్‌కు చెప్పేసింది. తన స్థానంలో హిబా అనే జూనియర్‌ను ఆడించమని అడిగి, మిగిలిన రోజులు టర్ఫ్ అంచున కుర్చీ వేసుకుని ఆ అమ్మాయికి ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు అరవాలో నేర్పింది. ఆడమని సుమయ్య ఆమెను ఒక్కసారి కూడా బతిమాలలేదు. అది నాకు గుర్తుండిపోయింది.

ఫైనల్లో మా జట్టు ఒక్క గోల్ తేడాతో ఓడిపోయింది. చివర్లో ఎదుటి జట్టు అమ్మాయి హిబాను దాటుకుని వెళ్ళి గోల్ కొట్టింది. నూరైన్ ఉంటే ఆపేదని చుట్టూ ఉన్నవాళ్ళు అనుకోవడం నాకు వినపడింది. విజిల్ మోగాక మా అమ్మాయిలు మైదానంలో ఎక్కడివాళ్ళక్కడే నిలబడిపోయారు. ఓడినవాళ్ళు ఏం చేయాలో వాళ్ళలో ఎవరికీ తెలియదు. నూరైన్ బ్రేస్ అనే మోకాలి పట్టీ వేసుకున్న కాలితో మెల్లగా నడిచి వెళ్ళి హిబా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వదలకుండానే గెలిచిన జట్టు దగ్గరికి వెళ్ళి, వాళ్ళ కెప్టెన్‌కు అభినందనలు చెప్పింది. మిగతావాళ్ళు వెనకే వెళ్ళారు.

తర్వాతి రోజులు తేలిగ్గా గడవలేదు. కెప్టెన్ భయపడి కూర్చుందని పాత క్రీడాకారిణులు కొందరు వాట్సాప్ గ్రూపుల్లో రాశారు. నూరైన్ అవి నాకు చూపించింది, జవాబు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఆపరేషన్ బాగా జరిగింది. నెలల తరబడి మా క్లినిక్‌లోనే వ్యాయామాలు చేసింది. మళ్ళీ ఆడొచ్చని మేము చెప్పేనాటికి ఆమె చదువు పూర్తయింది. కాలేజీ జెర్సీ మళ్ళీ వేసుకోలేకపోయింది.

ఆఖరి రోజు ఆమె తండ్రి కూడా వచ్చాడు. కూతురు పక్కనే ఉండగా నన్ను అడిగాడు, "ఆ పొద్దు ఆడింటే గెలిచేవోళ్ళా మేడమ్?"

గెలిచేవాళ్ళేమో, తెలియదన్నాను. ఆ మ్యాచ్ ఆడినా మోకాలికి ఇంకేమీ కాకపోయి ఉండొచ్చని కూడా అన్నాను. ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. ఆ సంగతి ఆమె ముందే లెక్కలోకి తీసుకుందని నాకు అప్పుడర్థమైంది.

ఆడొద్దని చెప్పేటప్పుడు, ఆడకపోతే ఏం పోతుందో కూడా అంతే స్పష్టంగా చెప్పాలని ఆ కేసు నాకు నేర్పింది. ఆడితే వచ్చే నష్టాన్ని ఎం.ఆర్.ఐ.లో చూపించగలం. ఆడకపోతే పోయేది ఏ ఫిల్మ్‌లోనూ కనపడదు, అయినా అది రోగికి నిజమే. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ఆటగాళ్ళకు రెండూ చెబుతాను. చెప్పి, వాళ్ళు మాట్లాడేదాకా ఆగుతాను.