బర్సాతీలో రంగు సీసాలు

మొన్న ఉదయం జనక్‌పురి నుంచి కుల్వంత్ దీదీ ఫోన్ చేసింది. ముందు పెద్దగా నవ్వి, ఆ తరువాత మాట్లాడటం ఆమెకు అలవాటు. ఈసారి నవ్వు వినపడలేదు. "ఆంటీ చలీ గయీ," అంది. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయిందట. ఏ ఆంటీ అని నేను అడగలేదు. ఢిల్లీలో పెద్ద వయసు ఆడవాళ్లందరూ ఆంటీలే. మా ఇద్దరికీ మాత్రం ఆ మాటకి ఒక్కరే మనిషి.

ఆవిడ నాకు చుట్టం కాదు. ఒకప్పుడు మా పైఇంట్లో ఉండేవారు, అంతే. ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే ఒక చలికాలపు పగలు వచ్చి ఎదురుగా నిలబడుతోంది. దాని దగ్గరికి వెళ్లేముందు కొంచెం వెనక నుంచి చెప్పాలి.

తొంభైల మధ్యలో, పెళ్లయిన కొత్తలో, నేను తెనాలి నుంచి ఢిల్లీ వచ్చాను. మా వారు వైమానిక దళంలో చిన్న ఉద్యోగి. కంటోన్మెంటులో క్వార్టరు దొరికేదాకా జనక్‌పురిలో రెండో అంతస్తు అద్దెకు తీసుకున్నాం. నాకు హిందీ రాదు. ఒక రోజు బాల్కనీలోంచి తాడుకట్టిన బుట్ట కిందికి దించి, కూరలబండి అతనితో సైగలతో బేరమాడుతుంటే పైనుంచి తెలుగు వినపడింది.

"కొత్తిమీర ఊరికెనే ఇస్తడు బిడ్డా, అడుగు! అడగకుంటె వాడెందుకిస్తడు?"

తలెత్తి చూశాను. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, మోచేతుల దాకా తెల్లరంగు. పరాయి ఊళ్లో నా భాష వినపడేసరికి కొత్తిమీర సంగతి మరిచిపోయి అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఆవిడది కరీంనగర్ వైపు. భర్త ఏదో ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేస్తూ పక్షవాతం వచ్చి మంచం పట్టారు. పిల్లల్లేరు. ఆయన్ని వదిలి బయట పనికి వెళ్లలేక ఆంటీ డాబా మీదే ఒక పని పెట్టుకున్నారు. డాబా మీద ఒంటరిగా ఉండే గదిని అక్కడ బర్సాతీ అంటారు. ఆ బర్సాతీయే ఆవిడ కార్ఖానా.

పని వినడానికి విచిత్రంగా ఉండేది. పాతసామాన్లు కొనే కబాడీవాళ్ల దగ్గర ఖాళీ జామ్ సీసాలు, కాఫీ సీసాలు, పచ్చడి సీసాలు కొనాలి. వేడినీళ్లలో నానబెట్టి కాగితాలు ఊడదీయాలి. ముందు ముదురు గోధుమరంగు వేసి, అది ఆరాక అంచులకు పైరంగు గట్టిగా పట్టకుండా కొవ్వొత్తి రుద్ది, పైన తెలుపో లేత ఆకుపచ్చో వెయ్యాలి. అదీ ఆరాక ఉప్పుకాగితంతో అక్కడక్కడా గీకేసి, పాతకాలం వస్తువులా చెయ్యాలి. విదేశాల్లో ఇళ్లలో అలంకారానికి పెట్టుకుంటారట. నోయిడాలోని ఒక ఎగుమతి కంపెనీ వాటిని తీసుకెళ్లేది. ఆ కంపెనీ సూపర్‌వైజరు ఈ తరహాని 'షాబీ షిక్' అనేవాడు. ఆంటీ నోట్లో అది 'చాబీ చిక్కు' అయి కూర్చుంది. "ఈ చాబీ చిక్కు నాకు ఇప్పుడిప్పుడే విడుతున్నది," అని తనలో తనే నవ్వుకునేవారు.

మధ్యాహ్నాలు నాకు తోచేది కాదు. పైకి వెళ్లి కూర్చునేదాన్ని. కింది అంతస్తు కుల్వంత్ దీదీ అప్పటికే అక్కడ పనిచేస్తోంది. మొదటి రోజు నేను ఒక సీసాని ఒళ్లంతా ఒకేలా గీకి గర్వంగా చూపించాను. ఆంటీ దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, తిప్పి తిప్పి చూశారు.

"గిది పాతది గాలె బిడ్డా, గాయపడ్డది," అన్నారు. "ఇంట్ల సీసను నువ్వు యాడ పడ్తవు? మెడకాడ. యాడ పెడ్తవు? అడుగున. ఆడనే రంగు పోతది. వాడిన చెయ్యి కనపడాలె, గీకిన చెయ్యి కనపడొద్దు."

ఆ మాట ఆవిడ రోజుకోసారైనా అనేవారు. ఇంకో అలవాటు కూడా ఉండేది: ఉప్పుకాగితం పెట్టేముందు సీసాతో మాట్లాడేవారు. "దా, నిన్ను ముసల్దాన్ని చేస్త," అంటూ పసిపిల్లకు తల దువ్వుతున్నంత మెల్లగా రుద్దేవారు. అల్లం టీ స్టీలు గ్లాసులోనే తాగేవారు. నేను కడుపుతో ఉన్నానని తెలిసిన రోజు నుంచి రంగులో కలిపే థిన్నరు సీసా నా దగ్గరికి రానివ్వలేదు. గుమ్మం పక్కన, గాలి తగిలే చోట నాకు పీట వేసి, గీకే పని మాత్రమే ఇచ్చారు.

నాకు ఐదో నెలలో ఆ డిసెంబరు వచ్చింది. అంతకుముందెన్నడూ లేనంత పెద్ద ఆర్డరు వచ్చింది ఆంటీకి. ఓడ ఎక్కాల్సిన సరుకు, గడువు దాటితే కుదరదన్నారు. అప్పుడే పొగమంచు పట్టుకుంది. రోజుల తరబడి సూర్యుడు లేడు. వేసిన రంగు ఆరదు. బొటనవేలు ఆనిస్తే ముద్ర పడుతుంది. ఆంటీ ట్రేలకు ట్రేలు డాబా మీద పెట్టి ఆకాశం కేసి చూసేవారు. ఒక సీసా తడిరంగు కాగితానికి అంటుకుపోతే దాన్ని విసురుగా పక్కన పెట్టారు. ఆవిడ అలా చేయడం నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాడే టెంపో వస్తుందని కబురొచ్చింది. ఆ రోజు ఆంటీ తమ ఇంట్లోంచి బొగ్గుల కుంపటి పైకి తెచ్చారు. అక్కడ దాన్ని అంగీఠీ అంటారు. చలికాలంలో ప్రతి ఇంట్లో ఉండేదే. రంగు, థిన్నరు డబ్బాలన్నీ డాబా అవతలి మూలకు చేర్చి, కుంపటి గది మధ్యలో పెట్టి, సీసాలు చుట్టూ పేర్చారు.

"తలుపు తీసే ఉంచుండ్రి," అని మా ఇద్దరికీ చెప్పారు. "నేను ఎస్టీడీ బూతుకు పోయి కంపెనీవాళ్లను ఇంకొద్దిగ టైం అడిగొస్త."

ఆవిడ వెళ్లాక గాలికి తలుపు మూసుకుపోయింది. పీటలు కుంపటి దగ్గరికి జరుపుకున్న మాకు తెలియలేదు. వెచ్చగా, హాయిగా ఉంది. దీదీ తన చెల్లెలి పెళ్లి కబుర్లు చెబుతోంది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. నాకు తల దిమ్ముగా ఉంది. రంగు వాసనేమో అనుకున్నాను. దీదీ లేచి, "దర్వాజా..." అంటూ తలుపు దాకా వెళ్లింది. వెళ్లినదల్లా దానికి ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. నేను లేవాలనుకున్నాను. కాళ్లు నావి కానట్టున్నాయి. గోడకి తల ఆనించాను. ఎదురుగా తెల్లసీసాలు వరసగా ఉన్నాయి. కాసేపు చూస్తూ ఉన్నాను. తరువాత అవి లేవు.

అవతల జరిగింది దీదీ భర్త, పక్క డాబా వాళ్లు చెప్పగా తెలిసింది. ఆంటీ మెట్లెక్కి వచ్చి పిలిచారు. మళ్లీ పిలిచి తలుపు తోశారు. అది లోపలికి తెరుచుకునే తలుపు, వెనక దీదీ పడి ఉంది, కదల్లేదు. కిటికీకి ఇనుప ఊచలు, వాటి వెనక మూసిన అద్దాలు. ఆంటీ డాబా మీద ఆరబెట్టిన సీసాల్లోంచి ఒకటి తీసి కిటికీకేసి కొట్టారు. అది ఊచకి తగిలి పగిలింది. ఇంకోటి. ఇంకోటి. ఓడ ఎక్కాల్సిన సీసాలు ఒక్కొక్కటే తీసి, కిటికీలో అద్దమన్నది మిగలకుండా అయ్యేదాకా కొడుతూనే ఉన్నారట. అరిచిన అరుపులకి పక్క డాబాల మీదికి జనం వచ్చారు.

నాకు తెలిసింది మొహాన కొట్టిన చలి. తరువాత చన్నీళ్లు. సీసాలు కడిగే బకెట్టు నీళ్లు ఊచల్లోంచి నా మీద గుమ్మరించారు. కళ్లు తెరిస్తే కిటికీలో ఆంటీ ముఖం.

"లెవ్వు! ఏయ్ పిల్లా, లెవ్వు! లెవ్వకుంటె వచ్చి తంత!"

"లేవలేను ఆంటీ..."

"లేవకు. పాకు. దీదీ కాలు వట్టి గుంజు. నీ కడుపుల బిడ్డ కోసం గుంజు!"

పాకాను. దీదీ కాళ్లు పట్టుకుని లాగాను. పెద్ద శరీరం ఆమెది. తలుపుకి మనిషి పట్టేంత సందు వచ్చేదాకా ఆంటీ అరుపు ఆగలేదు. సందులోంచి ఆంటీ చెయ్యి లోపలికి వచ్చింది. దాని నిండా నెత్తురు. ఆ చెయ్యి నా జాకెట్టు పట్టుకుని బయటికి ఈడ్చింది.

ఆసుపత్రిలో మా ఇద్దరికీ ప్రాణవాయువు పెట్టారు. దీదీ సాయంత్రానికి మాట్లాడింది. నన్ను పరీక్షించిన డాక్టరమ్మ మాత్రం, "తల్లికి భయం లేదు. బిడ్డ గుండె కొట్టుకుంటోంది. కానీ ఆ బొగ్గుల విషగాలి బిడ్డకి ఎంత చేటు చేసిందో పుట్టేదాకా చెప్పలేం," అంది. మా వారు అప్పుడే వచ్చారు. వరండాలో బల్ల మీద, చేతికి కట్టుతో కూర్చుని ఉన్న ఆంటీ మీదికి వెళ్లారు.

"మీ సీసాల కోసం నా భార్యని చంపేస్తారా ఆంటీగారూ?"

ఆంటీ లేచి నిలబడ్డారు. "తప్పు నాదే నాయనా. అంగీఠీ నేనే వెట్టిన," అన్నారు.

మా వారు ఇంకా చాలా అనడానికి సిద్ధపడి వచ్చారు. ఆ ఒక్క మాట విని గోడవైపు తిరిగి నిలబడ్డారు.

మర్నాడు టెంపోలో వచ్చిన సూపర్‌వైజరుకి ఆంటీ మిగిలిన సీసాలు అప్పగించారు. చలికాలంలో ఇక పని చెయ్యనన్నారు. అలాగైతే ఎప్పటికీ ఆర్డరు ఉండదన్నాడతను. "ఠీక్ హై," అన్నారట, అంతే. దీదీ చెప్పింది.

ఇంటికొచ్చాక మా వారు పైకి వెళ్లొద్దని నాకు గట్టిగా చెప్పారు. నేను ఎదురుచెప్పలేదు. నా మనసంతా కడుపులోనే ఉంది. అంతకుముందు చిన్న చేపపిల్లలా కదిలే బిడ్డ ఇప్పుడు కదలడం లేదు. డాక్టరమ్మ గుండె చప్పుడు వింటుంది, ఉంది అంటుంది. నాకు మాత్రం ఏమీ తెలియదు. రోజూ మా వారు డ్యూటీకి వెళ్లాక ఆంటీ వచ్చేవారు. గుమ్మం దాటేవారు కాదు. కట్టు కట్టిన చేత్తో టిఫిన్ డబ్బా అందించి నా కళ్లలోకి చూసేవారు. బిడ్డ కదల్లేదన్నట్టు తల అడ్డంగా ఊపేదాన్ని. ఆవిడ రెయిలింగు పట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయేవారు. ఒక రోజు ఉండబట్టలేక, "లోపలికి రండి ఆంటీ," అన్నాను.

"బిడ్డ సల్లగ పుట్టినంక వస్త," అన్నారు. "అప్పటిదాక నాకు నీ ఇంట్ల కూసునే మొఖం లేదు."

ఒక మధ్యాహ్నం పాలు కాస్తుంటే కడుపులో ఏదో తన్నింది. భ్రమేమోనని ఊపిరి బిగబట్టాను. మళ్లీ తన్నింది. పాలు పొంగిపోతున్నా చూడకుండా బూజుకర్ర తీసుకుని ఇంటికప్పు మీద దబదబా కొట్టాను. మెట్ల మీద పరుగు వినపడింది. ఆంటీ ఒక కాలికే చెప్పుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ చెయ్యి తీసుకుని నా కడుపు మీద పెట్టాను. బిడ్డ తన్నింది. ఆంటీ గుమ్మం బయటే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ఆవిడ ఏడవడం నేను అప్పుడొక్కసారే చూశాను.

అయినా భయం పోలేదు. కదిలిన బిడ్డ ఎలా పుడుతుందో ఎవరు చెప్పగలరు? ఎండలు ముదురుతుండగా నొప్పులొచ్చాయి. అమ్మాయి పుట్టింది. వెంటనే ఏడవలేదు. ఎవరో పసిదాని వీపు మీద చరుస్తున్న చప్పుడు మాత్రం వినపడుతోంది. ఆ తరువాత కీచుమని ఒక గొంతు, గది దద్దరిల్లేలా.

డాక్టరమ్మ చేతులూ కాళ్లూ, కంటిచూపూ అన్నీ చూసి బాగుందని చెప్పాక, మా వారు బయటికి వెళ్లారు. ఎవరికో ఫోన్ చేయడానికి అనుకున్నాను. ఆసుపత్రి గేటు బయట ఎండలో, తల మీద కొంగు వేసుకుని పొద్దుటినుంచీ నిలబడి ఉన్న ఆంటీని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. "మీ మనవరాల్ని చూడండి," అన్నారు. ఆంటీ పసిదాన్ని వెంటనే ఎత్తుకోలేదు. దాని గుప్పిట విప్పి ఒక్కొక్క వేలూ చూశారు.

ఆ తరువాత మంచంలోని అంకుల్ పనులు తీరగానే మా ఇంట్లోనే ఎక్కువగా ఉండేవారు. ఎగుమతి కంపెనీ మళ్లీ రాలేదు. అంకుల్ పోయాక కూడా ఎండాకాలాల్లో ఆరుబయట డాబా మీద కొన్ని సీసాలు చేసి కాలనీ మేళాలో పెట్టేవారు. కొనడానికి వచ్చినవాళ్లు, "యే తో పురానా హై," అని నిజంగానే పాతదనుకుంటే మురిసిపోయేవారు. మాకు క్వార్టరు వచ్చింది, బదిలీలు వచ్చాయి. ఏ ఊళ్లో ఉన్నా చలికాలం మొదలవగానే ఫోన్ వచ్చేది. కుశలం అడగడం ఆ తరువాత. "పండుకునేటప్పుడు కిటికీ కొద్దిగ తీస్తున్నవా?" అన్నదే మొదటి మాట. నేను విసుక్కున్న రోజులున్నాయి. ఇప్పుడు ఆ విసుగు విని నవ్వే మనిషి లేదు.

మా వారు రిటైరయ్యాక, అమ్మాయికి నోయిడాలో ఉద్యోగమని ఇక్కడికే వచ్చేశాం. పోయిన జనవరిలో ఒక ఆదివారం ముగ్గురం ఆంటీ దగ్గరికి వెళ్లాం. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే. ఆంటీ తెలుగులో తిట్టడం, అది హిందీలో ఎదురుచెప్పడం, ఇద్దరూ కలిసి నవ్వడం. బయల్దేరేసరికి పొగమంచు దట్టంగా దిగింది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ కిందికి రాలేదు. కారెక్కి తలెత్తి చూస్తే మూడో అంతస్తు లేదు, రెండోదీ లేదు. తెల్లటి మంచు, అంతే. అందులోంచి గొంతు మాత్రం కిందికి దిగింది.

"ధీరే చలానా, బేటా!"

"హాఁ నానీ!" అంది మా అమ్మాయి తన అమ్మమ్మకి, కారు అద్దం దించి.

కారు మెల్లగా కదిలింది. మేం గేటు దాటేదాకా, కనిపించని ఆ బాల్కనీలోంచి ఆవిడ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు.