ఎత్తు రాయని గడి

ఇంటి ప్లాను కాగితం మీద పొడవూ వెడల్పూ మాత్రమే ఉంటాయి. గోడ ఎంత లేవాలి, గట్టు ఎంత ఎత్తు, గుంత ఎంత లోతు అన్నది చాలాసార్లు నేనే వేసుకోవాలి. నల్గొండ బస్టాండు వెనక ఒక కిరాయి గదిలో కూర్చుని, ఇంజినీర్లు గీసిన ప్లాన్లను కంప్యూటర్లో నిలబెట్టి, ఇంకా కట్టని ఇంటిని ఇంటివాళ్లకు తిప్పి చూపించడం నా పని. అందులో నాకు తిరుగులేదని అప్పట్లో కాస్త పొగరు కూడా ఉండేది.

నకిరేకల్ దగ్గరి ఊరి నుంచి, గొర్రెలు కాసుకునే ఒక కుటుంబం ప్లాను వచ్చింది. తమ మెట్ట చెలకలో కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. ఇంటికి కాస్త దూరంగా, ఈశాన్యం మూల, ఆరడుగుల పొడవు మూడడుగుల వెడల్పుతో గడి ఒకటి ఉంది. పేరేమీ రాయలేదు. ఈశాన్యం కాబట్టి నీళ్ల సంపే అనుకున్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇంజినీరు చెబుతాడా? ఒక ఫోను చేస్తే పోయేది, చేయలేదు. ఐదడుగుల లోతు ఇచ్చి, ఇనుప మూత వేసి, పక్కన నల్లా పెట్టాను. అంతటితో ఆగానా? మూత మీద ఒక బిందె కూడా పెట్టాను. పొద్దున్నే ఆ బొమ్మలు ఇల్లు కట్టే మేస్త్రీకి వాట్సాప్‌లో పంపాను. ఆయన ప్లాను కాగితం ముట్టడు, బొమ్మ చూసే పని చేస్తాడు.

మధ్యాహ్నం ఆ ఇంటి కొడుకు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కుర్చీ వద్దని నిలబడే చూసింది. వంటగది చూసి నవ్వింది, గొర్రెల కొట్టం చూసి తల ఊపింది. తర్వాత ఇంటి బయటికి తిప్పాను. ఆమె తెరకు దగ్గరగా వంగింది.

"బిడ్డా, గీడ గీ మూతేంది?"

"సంపు అవ్వా, నీళ్లకు."

"మరి మా ఇంటాయన ఏడి?"

నాకు అర్థం కాలేదు. కొడుకు మొహం పాలిపోయింది. "మేడం, అది మా బాపు గోరి," అన్నాడు.

తెర మీద ఆ బిందె ఇంకా కనిపిస్తూనే ఉంది. ఇంజినీరుకు ఫోను చేసి, గోరి అని ఎందుకు రాయలేదని అరిచాను.

"కొత్త ఇంటి ప్లాన్ల గోరి అని రాస్తరా మేడం? అపశకునం గాదా? అందుకే ఉత్త గడి గీసిన," అన్నాడు.

ఇంకా అరిచేదాన్నే, ఇంతలో మేస్త్రీ గుర్తొచ్చాడు. ఇల్లు మొదలుపెట్టే ముందు, కట్టుబడి నీళ్ల కోసం మొట్టమొదట సంపే తవ్వుతారు. ఆయన రెండుసార్లు ఫోనెత్తలేదు. మూడోసారి ఎత్తాడు.

"మీరు పంపిన ఫోటో లెక్కనే ముగ్గు పోసినం మేడం. ఈడ పాత రాళ్లకుప్ప ఉండె, తీసి పక్కకేసినం. జేసీబీ వస్తాంది."

"ఆపు! తవ్వకు! అక్కడ మనిషున్నాడు!" అని కేక పెట్టాను.

ఆటో మాట్లాడుకుని ముగ్గురం వెళ్లాం. దారి పొడుగునా కొడుకు నా మొహం చూడలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది. చెలకలో జేసీబీ ఆగి ఉంది. నేల మీద తెల్లటి ముగ్గుతో ఆరడుగులూ మూడడుగులూ, అచ్చం నా బొమ్మలో ఉన్నట్టే.

ఆమె కొంగు నడుముకు చుట్టి, ముగ్గును అరచేత్తో చెరిపేసింది. "గిది తలకాడిది, గిది కాళ్లకాడిది," అంటూ ఒక్కో రాయీ ఎత్తి పెట్టడం మొదలుపెట్టింది. నేనూ మోశాను. మేస్త్రీ తలకు చుట్టిన తువ్వాల తీసి దూరంగా నిలబడ్డాడు. సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు.

అంతా అయ్యాక టేపు తీసి, "ఎంత ఎత్తు పెట్టాలి అవ్వా?" అని అడిగాను. ఆమె తన మోకాలు చూపించింది. కొలిస్తే అడుగున్నర.

"ఇగ పక్కపొంటి ఇంకోటి గియ్యి బిడ్డా," అంది.

"ఇంకొకటా? ఎవరికవ్వా?"

"నాకు. నువ్వు గియ్యకపోతే, రేపు నా జాగల గూడ ఎవలన్న నీళ్లగుంత తవ్వుతరు."

"శుభమా అని ఇల్లు కట్టుకుంటుంటే గేం మాటలే అమ్మా!" అన్నాడు కొడుకు. ఆమె వినిపించుకోలేదు.

మర్నాడు గదిలో కూర్చుని బిందె తీసేశాను, మూత తీసేశాను. ఆయన గడికి అడుగున్నర ఎత్తు ఇచ్చాను. దాని పక్కనే అంతే పొడవు, అంతే వెడల్పుతో ఇంకొకటి గీశాను. ఈసారి పేరు కూడా రాశాను, అవ్వ జాగా అని. అవ్వ ఇంకా బతికే ఉంది కాబట్టి దాని ఎత్తు సున్నాయే, అయినా ఆ సున్నా కొట్టడానికి చాలాసేపు చెయ్యి రాలేదు.