ప్రార్థన నూనె

నాన్న మిరపతోటల్లో పురుగుమందు కొట్టే కూలీ. బయల్దేరే ముందు అమ్మ, పాస్టరు గారు ప్రార్థించి ఇచ్చిన కొబ్బరినూనె ఆయన చేతులకూ ఛాతీకీ రాసేది.

"సాతాను బాణాలు నిన్ను తాకవులేయ్యా" అనేది. నాన్న ముఖంలో భయం నిజంగానే పోయేది.

ఓ మధ్యాహ్నం ఆయన తోటలోనే నురగ కక్కుతూ పడిపోయి, ఆసుపత్రిలో ప్రాణం వదిలాడు. నూనె రాసిన ఒంట్లోకి పురుగుమందు ఇంకా తొందరగా దిగుతుందని డాక్టరు నాతో అన్నాడు.

సమాధి దగ్గర పాస్టరు గారు, "శత్రువు బలమైనవాడమ్మా. నూనె ఇంకాస్త రాయాల్సింది" అన్నారు.

"అవునండీ" అని అమ్మ ఏడ్చింది.

పాస్టరు గొంతు పట్టుకుందామనిపించింది. కానీ డాక్టరు మాట బయటపెడితే అమ్మకు ఆ దేవుడు కూడా మిగలడని నోరు మూసుకున్నాను.