నలభై ఒక్క సీసాలు, ఒక సంతకం

మా ఆయన గురించి చెప్పాలంటే ముందు ఆయన వాసన గురించి చెప్పాలి. మెడికల్ కాలేజీలో పిల్లలు శవాలు కోసి చదువుకునే హాలు ఒకటుంటుంది. ఆ హాల్లో ఆయన అటెండరు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. శవాలు పాడవకుండా వాడే మందు వాసన ఒంటికి పట్టేస్తే ఎన్ని సబ్బులు అరగదీసినా వదలదు. పెళ్ళైన కొత్తలో మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు. ఇప్పుడేమో ఆయన సెలవు పెట్టి ఇంట్లో ఉంటే, ఆ వాసన లేక నాకే ఏదో వెలితిగా ఉంటుంది.

ఆయన చేసే పనేంటో చాలామందికి తెలీదు. తుడవడం, ఊడవడం అనుకుంటారు. టేబుళ్ళ మీద ఉన్న శరీరాలు ఎండిపోకూడదు. ఎండితే లోపలంతా బిగుసుకుపోయి చదువుకి పనికిరావు. అందుకని రోజూ సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక గుడ్డలు మందులో తడిపి, పిండి, ఒక్కొక్కరికీ కప్పుతాడు. ముందు ముఖం, తరవాతే మిగతాది. ఎందుకలాగ అని ఒకసారి అడిగితే, "వాళ్ళూ ఎవరో ఒకళ్ళ మనుషులేగా" అన్నాడు. ఇంత మనిషికి ఆ కాలేజీ పిల్లలు పెట్టిన పేరేంటో తెలుసా? తడిగుడ్డ. తడిగుడ్డా, ఆ కాలు ఇటు తిప్పు. తడిగుడ్డా, లైటెయ్యి. కొడుకుల వయసు వెధవలు! ఈయనేమో నవ్వుతూ తిప్పుతాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. తడిగుడ్డతో గొంతు కోసే మనిషి ఆ కాలేజీలో ఇంకొకాయన ఉన్నాడు, ఆయన దగ్గరికి తరవాత వస్తాను.

నేను బస్ స్టేషన్‌లో టికెట్ కౌంటర్ మనిషిని. రోజంతా చిన్న కన్నంలోంచి లోకంతో నోరు పెట్టుకోవడమే నా ఉద్యోగం. మా ఇంట్లో మాట్లాడే వంతంతా నాదే, ఆయన వంతు కూడా.

ఆయన చేతికి అలవాటైన ముడి ఒకటుంది. వాళ్ళ నాన్న లారీల మీద సరుకు కట్టేవాడు, ఆయన నేర్పిన ముడి. రెండు చుట్లు చుట్టి, కొసని కిందనుంచి వెనక్కి దూర్చి, చిన్న చెవిలాగా వదిలేస్తాడు. ఎంత గుంజినా జారదు. ఆ చెవి పట్టుకుని లాగితే మాత్రం తాడు ఇట్టే చేతిలోకొస్తుంది. దోమతెరకీ, పాత పేపర్ల కట్టకీ, పిల్ల బూట్లకీ, నా క్యారేజీ సంచికీ అదే ముడి. పెళ్ళైనప్పట్నుంచీ నాకు నేర్పుతూనే ఉన్నాడు, ఒక్కసారీ కుదిరి చావలేదు. మా పిల్లకి ఐదేళ్ళకే వచ్చేసింది.

పిల్ల అంటే మా ఒక్కగానొక్క కూతురు. డాక్టరవుతానని ఎనిమిదో క్లాసులో అంది. మర్నాటినుంచి మా ఆయన బాల్‌పెన్ను పట్టుకుని దాని చేతి మీద నరాలు గీయడం మొదలెట్టాడు. భుజం దగ్గర ఎక్కడ మొదలవుతుంది, మోచేతి దగ్గర ఎక్కడ వంగుతుంది, ఏ వేలికి ఏది పోతుంది. ఉంగరపు వేలు దగ్గర ఆగి, "ఈ ఒక్క వేలికీ రెండు నరాలమ్మా, సగం దీనిది, సగం దానిది" అనేవాడు. పదో క్లాసు కూడా తప్పిన మనిషి! చదువుకున్న వాళ్ళు పుస్తకంలో చూసి చెప్తారు, ఈయన చూసిన చేతులు తలుచుకుని చెప్పేవాడు. ఆ పెన్ను మరకలతోనే స్కూలుకెళ్తే టీచర్లు తిట్టేవాళ్ళు.

ప్రవేశ పరీక్షకి చదివిన రెండేళ్ళూ మేం ఇంట్లో దొంగల్లా బతికాం. ఉన్న ఒక్క గదీ దానికిచ్చేసి మేమిద్దరం వంటింట్లో పడుకున్నాం. కుక్కరు కూత వేస్తుందని నేను గిన్నెలోనే వండాను. దానికి తోడుగా మెలకువగా ఉండి, తెల్లారుజామునే మొదటి బస్సు టికెట్లకి కూర్చుని, చిల్లర ఇవ్వబోయి నిద్రలోకి జారిపోయేదాన్ని. మార్కులొచ్చాయి. మంచి మార్కులే. కళ్ళు మూసుకుని సీటిచ్చే మార్కులు.

అప్పుడొచ్చి పడింది ఆ కాగితం. కాలేజీలో పనిచేసే వాళ్ళ పిల్లలు డాక్టరు సీటుకి దరఖాస్తు పెడితే, ఆ ఉద్యోగి మీద ఏ ఆక్షేపణా లేదని డిపార్ట్‌మెంట్ పెద్ద సంతకం చెయ్యాలట. సంతకం లేకపోతే దరఖాస్తే తీసుకోరు. ఆఖరి రోజు శుక్రవారం, సాయంత్రం ఐదింటికల్లా.

మా ఆయన డిపార్ట్‌మెంట్ పెద్ద అంటే ప్రొఫెసరు గారు. సంతకాలకి ఆయన పెట్టింది పేరు. పిల్లల రికార్డు పుస్తకాలు మా ఆయన మోపులు మోపులుగా మోసుకెళ్ళి ముందు పెడితే, ఫోన్లో మాట్లాడుతూనే పేజీలు తిరగేసి గీకేస్తాడు. ఎవడో కుర్రాడు గుండె బొమ్మ గీయాల్సిన చోట బంగాళదుంప గీసిస్తే దానికీ సంతకం పడిందట. అలాంటాయనకి మా పిల్ల కాగితం దగ్గర మాత్రం పెన్ను కదల్లేదు. సోమవారం టేబుల్ మీద పెట్టమన్నాడు. మంగళవారం చూద్దామన్నాడు. బుధవారం టీ కప్పు ఆ కాగితం మీదే ఉందని మా ఆయన చెప్పాడు. గురువారం, అంత తొందరేంటోయ్, అమ్మాయిని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేర్పించు, నేనో మాట చెప్తాలే అన్నాడట. అక్కడితో ఊరుకోలేదు. అందరూ డాక్టర్లయిపోతే తడిగుడ్డ వేసేదెవరు అని నవ్వాడట కూడా.

మా ఆయన ఇది చెప్పి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. పిల్ల గుమ్మంలో నిలబడి అంతా వింది. ఏడవలేదు. పుస్తకాలు సర్ది అలమరలో పెట్టేసింది. ఆ అలమర తలుపు చప్పుడు నాకిప్పటికీ వినబడుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా, క్యారేజీ సంచితోనే కాలేజీకెళ్ళాను. పెళ్ళయ్యాక ఆ గడప తొక్కడం అదే మొదలు. ప్రొఫెసరు గారు మీటింగులో ఉన్నారని, ప్యూను నన్ను పక్క గదిలో కూర్చోబెట్టాడు. అది వాళ్ళ మ్యూజియం. గోడల పొడుగునా అరలు, అరల్లో గాజు సీసాలు, సీసాల్లో మనిషి ముక్కలు. చూడకూడదనే అనుకున్నాను. కాని ఎంతసేపని నేల చూపులు చూస్తాను?

నా కళ్ళకెదురుగా ఒక చెయ్యి. చర్మం తీసేసి, లోపలి నరాలన్నీ ఒక్కొక్కటీ తెగకుండా విడదీసి, గాజు పలక మీద పరిచి, దారంతో రెండు చోట్ల కట్టారు. రెండు చుట్లు. కొస వెనక్కి. చిన్న చెవి.

నేను లేచి నిలబడ్డాను. పక్క సీసా చూశాను, దాని పక్కది చూశాను. అన్నిటికీ మా దోమతెర ముడే. లెక్కపెడితే నలభై ఒకటి. అన్నిటి మీదా చీటీ: తయారుచేసినవారు అని, కింద ప్రొఫెసరు గారి పేరు, తోకలాగా డిగ్రీలు. చెయ్యి సీసా మీద సంవత్సరం కూడా ఉంది. ఆ ఏడాది నాలుగు నెలల పాటు ఈయన పొద్దుపోయి ఇంటికొచ్చేవాడు. పనుంది అనేవాడు. నేను నమ్మక, ఎవత్తెతో పని అని అడగరాని మాటలడిగాను. అప్పుడైనా నోరు విప్పలేదు, ఆ మహానుభావుడు.

ప్యూను పిలవకముందే ప్రొఫెసరు గారి గదిలోకెళ్ళాను. కాగితం అక్కడే ఉంది, టీ మరకతో సహా. ప్రొఫెసరు గారు తలెత్తి, ఎవరమ్మా అన్నాడు. చెప్పాను. చెప్పి, క్యారేజీ సంచి ఆయన ముందు పెట్టి, మా ఆయన పొద్దున కట్టిన ముడి చెవి పట్టుకుని లాగాను. ఊడొచ్చిన తాడు ఆయన కాగితాల మీద పరిచాను.

"అయ్యా, నేను టికెట్లు చూసే మనిషిని. అసలుదేదో నకిలీదేదో నాకు వేలు తగిలితే తెలుస్తుంది. పక్క గదిలో నలభై ఒక్క సీసాలున్నాయి, మీ పేరుతో. వాటికున్న ముడి ఒక్కసారి, ఈ తాడుతో, నా కళ్ళముందు మీరు వెయ్యండి. వేస్తే ఈ కాగితం పట్టుకుని నోరు మూసుకుని వెళ్ళిపోతాను."

ఆయన తాడు వైపు చూశాడు. ముట్టుకోలేదు. లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసొచ్చాడు. పెన్ను తీశాడు, కాని సంతకం చెయ్యకుండా నా మొహంలోకి చూశాడు.

"ఈ మాట ఈ గది దాటకూడదమ్మా."

గోడ గడియారం నాలుగు దాటింది. దరఖాస్తు ఇవ్వాల్సిన ఆఫీసు ఊరికి ఆ చివర. అలమర తలుపు చప్పుడు గుర్తొచ్చింది. దాటదన్నాను. ఆయన సంతకం చేశాడు. నేను కాగితం లాక్కుని పరిగెత్తాను. ఐదింటికి పది నిమిషాలుండగా ఇచ్చాను.

నోరున్న మనిషినని ఊరంతా నాకు పేరు. ఆ నోరే ఆ రోజు అమ్మేసి వచ్చాను. మా ఆయనకి జరిగింది చెప్తే రెండు రోజులు నా క్యారేజీ సంచికి ముడి వెయ్యలేదు. మూడో రోజు, "ఇచ్చావుగా మాట. ఇక పిల్లకి చెప్పకు" అన్నాడు. ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నావయ్యా అని నిలదీశాను. అడిగితే హాల్లోంచి తీసేసి గేటు దగ్గర వేస్తారు, ఆ పని నాకు కావాలి అన్నాడు.  నా కోపం మాత్రం తగ్గలేదు.

తరవాత ఇంటర్వ్యూ. ఆ కాలేజీలో మార్కులుంటే చాలదు, మనిషిని కూడా చూస్తారు. పదిరోజులు నేనే వంటింట్లో స్టూలేసుకుని, కౌంటర్లో కూర్చున్నట్టు కూర్చుని దాన్ని ప్రశ్నలడిగాను. ఎందుకు డాక్టరవుతావంటే సమాజసేవ అనేది. ఈ టికెట్టు చెల్లదు, పక్కకి జరుగమ్మా అనేదాన్ని. అసలు ఇంటర్వ్యూలో అదేం చెప్పిందో వచ్చాక చెప్పింది. మా నాన్న, చనిపోయిన వాళ్ళ ముఖం కూడా ఎండనివ్వడు, బతికున్న వాళ్ళని అంత జాగ్రత్తగా చూసుకునే పని నాకు కావాలి అందట. సీటొచ్చింది, ఆ కాలేజీలోనే. మా ఆయన ఆ రోజు తెల్లకోటు తెచ్చి, గుండీలన్నీ ఊడదీసి మళ్ళీ గట్టిగా కుట్టాడు. కుట్టి, దానిచేత ఒట్టేయించుకున్నాడు: హాల్లో నేను మీ నాన్నని కాను, నన్ను పలకరించకు.

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారం ఒక సాయంత్రం పిల్ల వస్తూనే కోటు విసిరికొట్టింది. ప్రొఫెసరు గారు అందరినీ మ్యూజియంలోకి తీసుకెళ్ళి చెయ్యి సీసా చూపించి, దీన్ని తయారుచెయ్యడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, ఓపికంటే ఇదీ అన్నాడట. పిల్లలు చప్పట్లు కొట్టారట.

"ముడి చూశానమ్మా. గోడ దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. వద్దని కళ్ళతోనే చెప్పాడు. నేనూ చప్పట్లు కొట్టాను." నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

తెలుసన్నాను. ఆ శుక్రవారం సంగతంతా చెప్పాను. ఎలాగూ ముడి దానికి చెప్పేసింది, ఇక నేను దాచేదేముంది? నా కాగితం కోసమా అని అడిగి, జవాబు వినకుండా గదిలోకెళ్ళి తలుపేసుకుంది. ఈసారి అలమర చప్పుడు వినబడలేదు. పెన్సిలు గీకుతున్న చప్పుడు వినబడింది.

వాళ్ళకో పద్ధతుంది. సీసాలో ఉన్నది రికార్డు పుస్తకంలో గీయాలి. గీసి, సీసా మీద చీటీలో ఉన్నట్టే, తయారుచేసినవారి పేరు కింద రాయాలి. ప్రొఫెసరు గారు పెట్టిన రూలే. ఏడాదికి నూటయాభై మంది పిల్లలు ఆయన పేరు రాయాలి, ఆయనే దాని కింద సంతకం పెట్టుకోవాలి! మా పిల్ల చెయ్యి గీసింది, ముడి కూడా గీసింది. కింద వాళ్ళ నాన్న పేరు రాసింది, ఇంటిపేరుతో సహా, గుండ్రంగా.

 ఆ ప్రొఫెసరు చూశాడంటే నువ్వా కాలేజీలో ఉంటావా అన్నాను.

"మాటిచ్చింది నువ్వమ్మా. నేనివ్వలేదు."

మర్నాడు నూటయాభై పుస్తకాల మోపు మోసుకెళ్ళింది మా ఆయనే. అందులో ఏముందో ఆయనకి తెలీదు. నాకు కౌంటర్లో ఒక్క ముక్క తలకెక్కలేదు. ఎవరికో ఒక ఊరి బదులు ఇంకో ఊరి టికెట్టు కొట్టిచ్చి తిట్లు కూడా తిన్నాను. సీటు పోతుందనే అనుకున్నాను.

నాలుగో రోజు పుస్తకం తిరిగొచ్చింది. ముగ్గురం వంటింట్లోనే ఉన్నాం. పిల్ల పేజీ తీసి స్టూలు మీద పెట్టింది. చెయ్యి బొమ్మ, మా ఆయన పేరు, దాని కింద, సరిచూడబడినది అని ముద్ర, ప్రొఫెసరు గారి సంతకం, తేదీ. ఆ పెద్దమనిషి చూడనే లేదు. ఎప్పట్లాగే ఫోన్లో మాట్లాడుతూ గీకేశాడు. నవ్వాలో తిట్టాలో తెలీక నేను రెండూ చేశాను.

మా ఆయన చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. చాలాసేపు చూశాడు. తిడతాడని పిల్ల తల దించుకుంది. పేజీ చింపేస్తాడని నేను దగ్గరికెళ్ళాను.

ఆయన ఉంగరపు వేలి మీద గోరు పెట్టాడు.

"ఇక్కడ రెండు రావాలమ్మా. ఒకటే వేశావు. కోపంలో గీశావు కదూ?"

పిల్ల అవునంది.

"ఇది మళ్ళీ గియ్యి. గీసి మళ్ళీ సంతకం పెట్టించు." పుస్తకం మూసి దాని చేతికిచ్చి, కళ్ళజోడు తీశాడు. "ఇంకా నలభై ఉన్నాయి."