అత్తమ్మ కట్టిన ముల్లె

నా చిన్నప్పుడు నేను ఎవరినీ ఏదీ అడిగేవాణ్ణి కాదు. ఈ మాట చెబితే మంచి బుద్ధే కదా అంటారు వినేవాళ్ళు. మంచి బుద్ధీ కాదు, మన్నూ కాదు, ఉత్త మొండితనం. నాకు పదేళ్ళప్పుడు మా ఊళ్ళో గత్తర వచ్చి ఒకే వారంలో అమ్మా బాపూ ఇద్దరూ పోయారు. కలరాను మా వైపు గత్తర అంటారు. అక్కనూ నన్నూ మా మేనమామ ఇబ్రహీంపట్నం తీసుకొచ్చాడు. ఏడాది తిరిగేసరికి సూర్యాపేట అవతల ఒక పల్లెలో సంబంధం చూసి అక్క పెళ్ళి చేశాడు. ఇక ఆ ఇంట్లో మామయ్య, మా అత్తమ్మ, నేను మిగిలాం. వాళ్ళకు పిల్లలు లేరు.

ఇది పరాయి ఇల్లు, పెట్టింది తినాలి, ఇచ్చింది తొడుక్కోవాలి, నోరు తెరిచి అడిగితే చులకనైపోతాం అని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఎవరూ నాకలా చెప్పలేదు. అత్తమ్మ మొదట వడ్డించింది తిని లేచేవాణ్ణి. "పొట్ట నిండిందా?" అనేది. "అవ్" అనేవాణ్ణి. తర్వాత పెరట్లోకి పోయి రెండు చెంబుల నీళ్ళు తాగేవాణ్ణి. ఆమె ముద్దు చేసే మనిషి కాదు, మాట కటువు. "నీ నోట్లె నాలుక లేదారా?" అని అప్పుడప్పుడు విసుక్కునేది. అది తిట్టే అనుకుని తల వంచుకునేవాణ్ణి.

అక్కను చూసి మూడేళ్ళయింది. మామయ్య రెండుసార్లు అటు పోయే బండ్లవాళ్ళతో కబురు పంపాడు. అక్క రాలేదు. అత్తగారింటివాళ్ళు పంపరేమో అని ఇంట్లో అనుకుని ఊరుకున్నారు. నేను పడుకునే ముందు రోజూ అక్క మాట్లాడినట్టు ఊహించుకునేవాణ్ణి. ఒక రోజు ఎంత తలుచుకున్నా ఆమె గొంతు గుర్తుకు రాలేదు. మొహం కనిపిస్తోంది, పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు. దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను. తెల్లారేసరికి నిశ్చయించుకున్నాను. అక్క దగ్గరికి పోవాలి. ఎవరినీ బండి అడగకూడదు, తోడు రమ్మని అడగకూడదు, దారిలో గుక్కెడు నీళ్ళయినా అడగకూడదు.

అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. మా కొట్టంలో గడ్డి వెనక ఒక పాత సైకిలు పడి ఉండేది. తాలూకా కచేరీలో పనిచేసిన గిర్దావరు ఒకాయన బదిలీ మీద పోతూ మామయ్యకు ఇచ్చిపోయాడు. మామయ్య రెండుసార్లు ఎక్కి మూడుసార్లు పడ్డాడు. "నడుపుకుంటె నువ్వే నడుపుకోరా" అని తనే అన్నాడు కాబట్టి అడిగే పని తప్పింది. దారి నలభై కోసులు, అంటే ఎనభై మైళ్ళు. రెండు రోజుల ప్రయాణం. మధ్యలో ఏం జరిగినా ఎవరి గడపా తొక్కకుండా ఉండాలంటే ఏమేం కావాలో జాబితా రాసుకున్నాను. బడి చదువు ఉర్దూలో కాబట్టి ఉర్దూలోనే రాశాను. గాలి పంపు, ఇంకో ట్యూబు, పంచరు అతికే సామాను, పానా, దీపం, సంచి, నీళ్ళ సీసా, వండుకునే గిన్నె. రాస్తుంటే జాబితా పెరుగుతూ పోయింది. ఎవరూ అక్కర్లేకుండా బతకాలంటే ఎన్ని వస్తువులు కావాలో అప్పుడు తెలిసింది.

నా దగ్గర ఉన్నది తొమ్మిది రూపాయలు, హాలీ సిక్కా, అంటే మా సంస్థానం నాణేలు. రెండేళ్ళు సీతాఫలాల కాలంలో గుట్టలెక్కి కాయలు కోసి, హయత్‌నగర్ దాకా తీసుకుపోయి అమ్మితే కూడినవి. బుట్ట ముందు పెట్టుకుని కూర్చుంటే చాలు, అడిగేది కొనేవాళ్ళే కాబట్టి ఆ వ్యాపారం నాకు సరిపోయింది. కొనడం దగ్గరే వచ్చింది తంటా అంతా.

పట్నంలో గురువారం నాడు పాత సామాన్ల బజారు జరిగేది. తెల్లవారుజామున బయలుదేరి పోయాను. ఒక ముసలాయన పంపుకు రెండు రూపాయలు చెప్పాడు. రెండు రూపాయలు తీసి చేతిలో పెట్టాను. బేరమాడటమంటే తగ్గించమని అడగడమే కదా! ఆయన డబ్బు వంకా నా వంకా చూసి బిత్తరపోయాడు. "అరే బేటా, నేను రెండంటె నువ్వు ఒకటనాలె. గప్పుడు గదా బజారైతది!" అని తనే అర్ధరూపాయి తిరిగిచ్చాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పక్క దుకాణంలో మిలిటరీ సంచి మూడు రూపాయలన్నారు. అంత పెట్టలేను, తగ్గించమనలేను, వదిలి పోలేను. నోరు మూసుకుని నిలబడ్డాను. వాడు రెండున్నర అన్నాడు. నిలబడ్డాను. రెండు అన్నాడు. చివరికి "తీస్కపోరా నాయనా, పొద్దున్నే నా పానం తీయకు" అని రూపాయిన్నరకు ఇచ్చాడు. కిటుకు దొరికిందని పొంగిపోయి దీపాలవాడి దగ్గర కూడా అట్లాగే నిలబడ్డాను. నాలుగు రూపాయల దగ్గర్నించి ధర ఒక్క అణా దిగలేదు. చీకటి పడకముందే ఎక్కడో ఒక చోట ఆగిపోతే దీపంతో పనేముందని నాకు నేనే నచ్చజెప్పుకుని వచ్చేశాను.

యుద్ధం రోజులవి. కొత్త ట్యూబు కంటికి కనబడేది కాదు. మూడు అతుకులున్న పాతది కొన్నాను. పంపులో తోలు ఎండిపోయి గాలి కొట్టకపోతే రాత్రంతా ఆముదంలో నానబెట్టాను. నీళ్ళ సీసాకు బదులు పెరట్లో ఎండిన సొరకాయ బుర్ర తీసుకున్నాను. అగ్గిపెట్టెలు దొరకడం కష్టం, అందుకని చెకుముకి రాయి. కప్పుకోవడానికీ వానకూ గొంగడి ఉండనే ఉంది.

ప్రయాణానికి ముందు రోజు ఇవన్నీ గొంగడి మీద పరిచి చూసుకుంటుంటే అత్తమ్మ వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"గిన్ని సామాన్లెందుకురా?"

"ఎవర్ని ఏం అడగకుంట పోవాల్నని" అన్నాను గర్వంగా.

ఆమె చేతిలోది గొంగడి మీద పెట్టేసింది. తర్వాత, "తిండి ముల్లె నేను కడ్త. నువ్వు ముట్టకు" అని లేచి పోయింది.

తెల్లారి కోహెడ మీదుగా పెద్ద రోడ్డెక్కాను. దోవలో తినమని అత్తమ్మ రెండు జొన్నరొట్టెలు విడిగా ఇచ్చింది. బరువుకు సైకిలు మూలుగుతోంది. పొద్దెక్కాక ఒక బావి దగ్గర మోట కొడుతున్న రైతు, "ఏడికి బిడ్డా? జర ఆగు, నీళ్ళు తాగిపో" అని కేకేశాడు. గంట కొట్టి ముందుకు పోయాను. చౌటుప్పల్ దాటాక వెనక చక్రం పంచరైంది. సైకిలు తిరగేసి, ట్యూబు లాగి, అతుకు వేసి, గాలి కొట్టాను. చక్రం గిర్రున తిరిగింది. నాకంతా నేనే చేసుకున్నానని సంబరపడి తల ఎత్తి చూశాను. రోడ్డు అటు కనుచూపు మేర ఖాళీ, ఇటు కనుచూపు మేర ఖాళీ. చూశావా అని చెప్పుకోవడానికి మనిషన్నవాడు లేడు. సంబరం చల్లారిపోయింది. సామాను సంచిలో వేసుకుని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాను.

నార్కట్‌పల్లి ఇంకా రాకముందే పొద్దు వాలింది. దీపం లేదు కాబట్టి ఒక పల్లె బయట ఆగిపోయాను. మూడు రాళ్ళు పెట్టి మంట చేసి, గిన్నెలో నీళ్ళు మరిగించి, ముల్లె విప్పాను. గటక, అంటే జొన్న సంకటి, కాచుకోవడానికి రవ్వ ఉంది. ఎండుమిరపకాయలున్నాయి, చింతపండు ఉంది, రెండు ఉల్లిగడ్డలున్నాయి. ఉప్పు లేదు. ముల్లె దులిపాను, సంచి బోర్లించాను. లేదు. పోతే పోనీ అనుకుని ఉప్పు లేకుండానే గటక కాచి నోట్లో పెట్టుకున్నాను. మింగుడు పడలేదు. చింతపండు కలిపాను, ఇంకా అధ్వాన్నమైంది. రొట్టెలు మధ్యాహ్నమే అయిపోయాయి, ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి. అత్తమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఇన్నీ పెట్టి ఉప్పు మరిచిపోతుందా? నా మీద ఎవరికి పట్టింపు ఉంది గనక అనుకుని గిన్నె ముందు పెట్టుకుని ఏడుపు మింగుతూ కూర్చున్నాను.

ఎదురుగా ఊరి మొదటి ఇంట్లో దీపం వెలిగింది. గిన్నె పట్టుకుని ఆ వాకిలి దాకా పోయి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. బజారులో నిలబడితే ధర దిగింది గానీ ఇక్కడ నిలబడితే ఏదీ దిగిరాదు. చివరికి లోపల్నించి ఒక నడివయసు ఆవిడ వచ్చి, "ఎవరది?" అంది.

"అమ్మా, జరంత ఉప్పు కావాలె" అన్నాను. నాలుగేళ్ళలో నేను నోరు తెరిచి అడగడం అదే మొదలు.

"దీపం ముట్టిచ్చిన గద బిడ్డా. గీ యాల్లకు ఉప్పియ్యం" అంది ఆవిడ.

దీపాలు పెట్టాక ఇంట్లోంచి ఉప్పు బయటికి ఇవ్వరు. మా ఇంట్లోనూ అంతే, నాకు తెలిసిందే. అయినా ఆ మాటకు ప్రాణం చచ్చిపోయింది. ఇందుకే ఎవరినీ అడగకూడదు అనుకుంటూ వెనక్కి తిరిగాను.

"ఏయ్, ఏడికి పోతున్నవ్? ఇయ్యనన్న గని పెట్టనన్ననా? గా గిన్నె గాడ పెట్టి కాళ్ళు కడుక్కో. ఉప్పుతోని తినిపో!"

ఏమిటోళ్ళ పిల్లగాణ్ణని కులం అడిగి, కాపోళ్ళమని చెప్పగానే పీట వేసింది. నా చప్పిడి గటకను ఎడ్ల కుడితిలో పోసి, కంచం నిండా వేడి గటకా పచ్చిపులుసూ పెట్టింది. తింటుంటే ఒక్కొక్కటే అడిగింది. ఏ ఊరు, ఎవరింటికి, అమ్మ లేదా, బాపు లేడా. నేను చెప్పడం మొదలుపెట్టాను, ఆపలేకపోయాను. అమ్మ పోయిన రోజు సంగతి అంతకు ముందు ఒక్క మనిషికీ చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని ఆ వాకిట్లో ఏడుస్తూ, తింటూ, చెబుతూ కూర్చున్నాను. ఆవిడ మధ్యలో గటక వేస్తూనే ఉంది. చివరికి నా ముల్లె చూసి, "మిరపకాయ మర్వలే, ఉల్లిగడ్డ మర్వలే, ఉప్పొక్కటే మర్శిందా మీ అత్త?" అని ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు నాకప్పుడు అర్థం కాలేదు.

మర్నాడు సాయంత్రానికి అక్క ఊరు చేరాను. అక్క మొదట నన్ను గుర్తుపట్టలేదు. పట్టాక "నువ్వారా?" అంది. అదే, నాకు గుర్తుకు రాని గొంతు. మనిషి చిక్కిపోయింది. చూసి పోదామనే వచ్చాను గానీ, ముందురోజు అడిగిన నోరు ఊరుకోలేదు. అక్క అత్తగారి దగ్గరికి పోయి, "మా అక్కను పది దినాలు పంపుండ్రి" అన్నాను.

ఆమె చేటలో గింజలు చెరగడం ఆపి నా వంక చూసింది. "మూడేండ్లకు వచ్చినవా అడగనీకె? కబురు పంపితె ఆడపిల్లను పంపుతరా ఎవరన్న? మనిషి రావాలె, నోరు తెరిచి అడగాలె. కోతలు కానియ్యి. మీ మామను బండి కట్టుకొని రమ్మను, పంపుత."

నేను బయలుదేరేటప్పుడు అక్క ఊరి చివర దాకా వచ్చింది. "బండి చప్పుడైతె సాలు, మనోళ్ళే అనుకుంట ఉరికొచ్చేదాన్ని రా" అంది. అంతే అంది. ఆ మాట ఇన్నేళ్ళయినా నా చెవిలో ఉంది.

తిరుగుదారిలో కనిపించిన ప్రతి బావి దగ్గరా ఆగి నీళ్ళడిగాను. ఇంటికి చేరేసరికి అత్తమ్మ పొయ్యి ముందుంది. "వచ్చినవా" అంది, తల తిప్పకుండా.

"ఆకలైతుంది అత్తమ్మా. అన్నం పెట్టు."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. గబగబా కంచం పెట్టి వడ్డించింది. తిని, "ఇంకింత పెట్టు" అన్నాను. పెట్టింది. "ఇంకింత" అన్నాను. పెట్టింది. అప్పుడు, "ముల్లెల ఉప్పు మర్శినవ్" అన్నాను.

"మర్వలే. తీసిన" అంది అత్తమ్మ. "సామాన్లన్ని కట్టుకొని, నోరొక్కటి ఇంట్ల పెట్టి పోయేటట్టున్నవని తీసిన. ఉప్పు లేకుంటె దీపాల యాల్లకు ఏదో ఒక గడప ఎక్కుతవ్. గా యాల్లకు ఉప్పియ్యరు, అన్నం పెడ్తరు." తర్వాత పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. "నాలుగేండ్ల సంది సూస్తున్న రా, ఒక్కనాడన్న ఇంకింత పెట్టు అంటవేమోనని. పిల్లలు లేనిదాని ఇంట్ల గా మాట ఎట్లుంటదో నాకేం ఎరుక? నువ్వంటెనే గదా ఎరుకయ్యేది."

నేనొక్కణ్ణే ఒంటరివాణ్ణని అనుకుని ఆ ఇంట్లో నాలుగేళ్ళు బతికాను. రోజూ నా ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సాయంత్రం మామయ్యను బండి అడిగాం, ఇద్దరం కలిసి. కోతలయ్యాక అక్క వచ్చి పదిహేను రోజులు ఉండి వెళ్ళింది.

ఇప్పుడు అక్క లేదు, మామయ్య లేడు, అత్తమ్మ లేదు. నన్ను "అరేయ్" అని పిలిచేవాళ్ళు ఈ భూమి మీద ఎవరూ మిగల్లేదు. కొన్ని రోజులు మాట్లాడకుండానే పొద్దుగుంకిపోతుంది. అయినా ఎక్కడ ఏ ఇంట్లో భోజనానికి కూర్చున్నా, కడుపు నిండాక కూడా, ఇంకొంచెం పెట్టమ్మా అని అడుగుతాను. ఈ వయసులో ఇంత ఆశేమిటని కొందరు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఆ వడ్డించే మనిషి ఎన్నేళ్ళ నుంచి ఆ మాట కోసం చూస్తోందో నాకేం తెలుసు?