బాపుతో కరీంనగర్ రోడ్డు

నాంపల్లి స్టేషన్ ముందు కారు మాట్లాడుతున్నప్పుడు నా చేతిలో గుడ్డసంచి ఉంది. సంచిలో చిన్న మట్టికుండ, అందులో బాపు అస్థికలు. అయినా నా నోరు ఊరుకోదు కదా. గోదావరిఖని దాకా డ్రైవర్ చెప్పిన కిరాయి విని, "నీ కారు కిరాయికి అడిగిన గానీ కొంటా అనలే తమ్మీ" అనేసి, వెనక్కి చూడకుండా నడిచాను.

"అక్కా, జర ఆగుండ్రి! గట్ల పోతే ఎట్ల?"

పిలుపు వస్తుందని తెలుసు. ఆ విద్య బాపుదే. అబిడ్స్‌లో మాది గుండీలు, దారాలు, జిప్పుల దుకాణం. నెలకోసారి బాపు సరుకు మూటలతో బస్సెక్కి కరీంనగర్ రోడ్డు పట్టేవాడు. శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్, సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి, అట్లా గోదావరి దాకా ఊరూరి దర్జీలూ ఆయన గిరాకీలే. ఎండాకాలం సెలవుల్లో నన్నూ వెంట తీసుకుపోయేవాడు. ఆ ఊళ్ల బజార్లలోనే, గాజుల బండ్ల దగ్గర నాకు చదువు చెప్పాడు.

"నచ్చింది కింద పెట్టి నడువాలె బిడ్డా. ఎనకకు చూసినవా, నీకు కావాలని వానికి తెలిసిపోతది. వాడే పిలుస్తడు."

నేను మెడ బిగబట్టి నడిచేదాన్ని. పిలుపు వినగానే గంతేసి పరిగెత్తుకొచ్చి బేరమంతా పాడుచేసేదాన్ని. బాపు నెత్తి కొట్టుకునేవాడు.

ఆఖరిసారి కూడా ఆయన్ని అదే దారిన, ఊళ్ల లోపలి నుంచి తీసుకుపోవాలని నా పట్టుదల. సిద్దిపేట దగ్గర డ్రైవర్ బైపాస్ ఎక్కబోయాడు.

"ఊళ్లెకెళ్లి పోనియ్యి తమ్మీ."

"గాడ ట్రాఫిక్ అక్కా. గిట్ల పోతే ఊరు తెల్వకుంటనే దాటిపోతం."

"గందుకే వద్దంటున్న. మా బాపు గిరాకీ అంతా లోపలనే ఉన్నది."

అద్దంలో నా ఒళ్లోని సంచిని చూశాడు. బండి ఊళ్లోకి తిప్పాడు.

బజారులో దర్జీ కొట్లన్నీ రెడీమేడ్ షాపులయ్యాయి. ఒక అరుగు మీద మాత్రం ఒక ముసలాయన ప్యాంటు అంచు కుడుతున్నాడు. కారు ఆపించి, దిగి, నేనెవరి బిడ్డనో చెప్పాను.

"అబిడ్స్ గుండీలాయన బిడ్డవా! అబ్బో, పైస తగ్గకపోయేటోడు. మంచిగున్నడా?"

"కార్ల ఉన్నడు" అన్నాను.

ఆయన లేచి, మెడలోని టేపు తీసి మిషన్ మీద పెట్టాడు. చెప్పులు విడిచి కారు దాకా వచ్చాడు. కిటికీలోంచి సంచిని చూశాడు. చాలాసేపు చేతులు జోడించి నిలబడ్డాడు.

గోదావరి దగ్గర పంతులుగారితోనూ దక్షిణకు కాసేపు బేరమాడాను. ఆడకపోతే బాపుకే నామోషీ అనిపించింది. కుండ నీళ్లలోకి వదిలాక పంతులు మెల్లగా అన్నాడు.

"ఇంక ఎనకకు తిరిగి చూడొద్దమ్మా. నడువు."

మెడ బిగబట్టి నడిచాను. నాకు బాగా వచ్చిన విద్యే. చెవులు మాత్రం నీళ్ల దగ్గరే ఉన్నాయి. పిలిచేవాళ్లకు టైమివ్వాలి కదా, అందుకని నెమ్మదిగానే నడిచాను. మెట్లు అయిపోయాయి. కారూ వచ్చేసింది.

డ్రైవర్ తలుపు తీసి పట్టుకున్నాడు. "పోదామా అక్కా?"

"జర ఆగు" అన్నాను.