బాలమణక్క చేతి గేజ్

మీరు పెళ్ళి చేసుకునే ముందు మీ నియోజకవర్గపు ఎమ్మెల్యేను అడిగారా? పక్క వీధి పూజారినో, ఇమామునో, పాస్టరునో కూర్చోబెట్టి, మా కాపురం మీద మీకేమైనా అభ్యంతరమా అని విన్నవించుకున్నారా? లేదంటారు. ఇదేం ప్రశ్న అని నవ్వుతారు కూడా. మరి అలా నవ్వి ఊరుకునే వీలు ఇంకో ఇద్దరికి ఎందుకు ఉండకూడదో చెప్పగలరా? ఈ ప్రశ్న నా సొంతం కాదు. ఇస్నాపూర్‌లో రెండు గదుల ఇంట్లో ఉంటూ, పటాన్‌చెరులోని ఒక విడిభాగాల కర్మాగారంలో జీవితమంతా తనిఖీ పని చేసిన బాలమణి అనే ఆవిడది. ఇవాళ పొద్దున బల్ల సొరుగు లాగితే, ఇనుము తుప్పు పట్టకుండా పూసే నూనె వాసన గుప్పుమంది. గుడ్డలో చుట్టిపెట్టిన ఆవిడ గేజ్ అది. పోయిన వానాకాలం ఆవిడ పోయాక, ఆవిడ భర్త యాదగిరి బావ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ వాసన తగిలితే చాలు, నేను మళ్ళీ ఇరవై ఏళ్ళ ట్రైనీనైపోతాను, ఆవిడ నా వెనక నిలబడి ఉన్నట్టే ఉంటుంది.

గేజ్ అంటే బొటనవేలంత లావు ఉక్కు కడ్డీ. యంత్రం మీద తొలిచిన రంధ్రం సరైన కొలతలో ఉంటే దాని ఒక కొస లోపలికి దూరుతుంది. ఎర్ర గీత ఉన్న రెండో కొస దూరదు. మొదటిది దూరకపోయినా, రెండోది దూరినా ఆ ముక్క పనికిరాదు. ఇంతే విద్య. దీన్ని నేను వారంలో నేర్చేసుకున్నాననుకున్నాను. కాలేజీలో హేతువాద చర్చల్లో పెరిగినవాణ్ణి, గొంతెత్తితే ఎదుటివాడు తగ్గుతాడని నమ్మినవాణ్ణి. ఒకరోజు నేను పాస్ చేసిన పెట్టెలు రెండు తిరిగొచ్చాయి. బాలమణి మేడం ఒక ముక్క తీసి నా ముందు పెట్టింది.

"ఇది ఎట్ల పాస్ చేసినవ్ తమ్మీ?"

"గేజ్ పోయింది మేడం."

"పోయిందా, నూకినవా?"

ఆవిడ గేజ్‌ను రంధ్రం మీద నిలబెట్టి వేళ్ళు వదిలేసింది. అది కదల్లేదు. "దాని బరువుకు అది దిగాలె. నువ్వు బలం పెడితే గోడల గూడ దిగుతది. నూకకు." ఆ రోజు ఆ రెండు పెట్టెలూ మొదటి నుంచి చివరి దాకా నా చేతనే మళ్ళీ చూపించింది. క్యాంటీన్‌లో ఫిట్టరు మల్లేశ్, "ఏం విఠల్, గోడకు గేజ్ పెట్టినవా?" అని నెలరోజులు ఏడిపించాడు.

మాటల్ని కూడా ఆవిడ అలాగే తనిఖీ చేసేది. ఆదివారాలు ఆవిడ ఇంట్లో ఏడెనిమిది మందిమి చేరి పత్రికలు చదివి వాదించుకునేవాళ్ళం. అక్కడ ఆవిడ మేడం కాదు, అక్క. ఒకసారి ఒకే లింగానికి చెందినవాళ్ళ పెళ్ళి మీద మాట వచ్చింది. మల్లేశ్ ముఖం చిట్లించి, "గిది మన సంస్కృతిల లేదక్కా" అన్నాడు. నేను విరుచుకుపడబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, ఆవిడ చాలా నెమ్మదిగా, "సరే మల్లేశ్. గదే మాట నా పెండ్లి మీద పెట్టి సూడు. నాదీ సంస్కృతిల లేదన్నరు. నీ గేజ్ పెడితే నేను గూడ రిజెక్టే గదా?" అంది.

"నీది వేరక్కా. నువ్వు ఆడ, బావ మగ."

"ముందుగాల గేజ్ ఏందో ఖాయం చేస్కో. సంస్కృతా, ఆడమగనా? ముక్క ముక్కకు గేజ్ మారిస్తే దాన్ని తనిఖీ అనరు, నీ ఇష్టం అంటరు."

మల్లేశ్ ఒప్పుకోలేదు. కానీ ఆ తర్వాతి ఆదివారం మానకుండా వచ్చాడు. నా వాదనలు విన్నవాళ్ళెవరూ రెండోసారి వచ్చేవారు కాదన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

ఆవిడది కులాంతర వివాహం. సంగారెడ్డిలో రిజిస్టర్ చేసుకోవడానికి వెళితే, చట్టం ప్రకారం వాళ్ళిద్దరి పేర్లు, చిరునామాలు నోటీసు బోర్డు మీద ముప్పై రోజులు పెట్టారు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోవచ్చని. చెప్పుకోవడానికి ఆవిడ అన్నలు కర్రలతో వచ్చారు, వెనక ఊరి పెద్దలు వచ్చారు, శాస్త్రం చెప్పడానికి ఒకాయన కూడా వచ్చాడు. యాదగిరి బావ ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. ఈ కథ ఆవిడ ఒక్కసారే చెప్పింది, అదీ అన్నం కలుపుకుంటూ, ఎవరిదో చెప్పినట్టు.

ఇనుప రేకుల్ని యంత్రం కింద పెట్టి అదిమే మా ప్రెస్ షాపులో స్వరూప, లిపిక అని ఇద్దరు పనిచేసేవాళ్ళు. స్వరూపది జహీరాబాద్ వైపు పల్లె, లిపికది ఒడిశా. ఇస్నాపూర్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళు. వాళ్ళు భార్యాభర్తల్లాంటివాళ్ళని బాలమణక్కకు తెలుసు, ఆవిడ నమ్మి చెప్పిన ఒకరిద్దరిలో ఒకడిగా నాకూ తెలుసు. ఒకనాడు మధ్యాహ్నం షిఫ్టులో లిపిక కుడిచేతి వేళ్ళు ప్రెస్ కింద పడ్డాయి. ఆస్పత్రికి మేమే తీసుకెళ్ళాం. ఆపరేషన్‌కు ముందు కుటుంబసభ్యుల సంతకం కావాలన్నారు. స్వరూప పెన్ను అందుకుంది. కౌంటర్‌లో మనిషి తలెత్తి, "ఈమె నీకేమైతది?" అని అడిగాడు.

"చెల్లె."

"ఆమెది ఒడిశా, నీది జహీరాబాద్. చెల్లె ఎట్లయితది?"

స్వరూప పెన్ను వదల్లేదు. స్ట్రెచర్ మీద నొప్పితో మెలికలు తిరుగుతున్న లిపిక అరిచింది: "ఘర్‌వాలీ హై మేరీ! లిఖో నా భాయ్!" ఇల్లాలనే మాటకు అతను నవ్వాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. కాగితం మాత్రం వెనక్కి లాక్కున్నాడు. రెండు గంటల తర్వాత ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి ఒకాయన బండి మీద వచ్చి సంతకం పెట్టాడు. పెట్టే ముందు స్వరూప వైపు తిరిగి, "ఈ పిల్ల పేరేంది?" అని అడిగాడు. పేరు కూడా తెలియని మనిషి సంతకం చెల్లింది. ఐదేళ్ళుగా ఒకే కంచంలో తిన్న మనిషిది చెల్లలేదు. ఒక వేలు చివరికి వంకరగానే మిగిలిపోయింది. నాకు జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఇప్పటికీ తగ్గలేదు, తగ్గకూడదు కూడా.

ఆ తర్వాత కొంతకాలానికే పెద్ద కోర్టు, ఇలాంటి పెళ్ళిళ్ళను గుర్తించే చట్టం చేయడం చట్టసభల పని అని చెప్పింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి. మా దగ్గర ఒక అభ్యర్థి సభ పెట్టి, మూడు మతాల పెద్దల్ని ఒకే వేదిక మీద కూర్చోబెట్టాడు. ఫ్యాక్టరీల మురుగుకు మా బోరు నీళ్ళు ఎర్రబడిన ఏళ్ళలో వీళ్ళెవరూ ఒకచోట కూర్చోలేదు. కూలీ పిల్లల ఒంటి మీద దద్దుర్లు లేచినప్పుడూ కూర్చోలేదు. ఇద్దరు ఆడవాళ్ళు ఒక పొయ్యి మీద వండుకోవడమే వీళ్ళకు ఉమ్మడి ప్రమాదంగా కనిపించింది. ఇలాంటి పెళ్ళిళ్ళను చట్టంలోకి రానివ్వనని తమ ముందు ప్రమాణం చేయాలని అభ్యర్థికి కాగితం ఇచ్చారు. తర్వాతి సభలో చదువుతానని అతను మాటిచ్చాడు. అంటే చట్టం రాయాల్సిన చేతికి ముందే కట్టు కట్టేశారన్నమాట.

మేం ముప్పై మందిమి అట్టలు పట్టుకుని సంగారెడ్డి కలెక్టరేట్ ఎదుట నిలబడ్డాం. మైకు నాకిచ్చారు. రోడ్డుకు అవతలి నుంచి కొందరు అరిచారు: "గసోంటోళ్ళు మన దిక్కు ఎవరున్నర్రా? అంతా పట్నం రోగం!" నా ఒళ్ళు మండిపోయింది. "ఉన్నరు!" అని గర్జించాను. "మా ప్రెస్ షాపులనే ఉన్నరు! ఇస్నాపూర్ వాటర్ ట్యాంక్ గల్లీల స్వరూప, లిపిక ఉన్నరు! పోయి సూడండి, మనుషులో కాదో!" చప్పట్లు మోగాయి. నేను గెలిచాననుకుని పక్కకు చూశాను. బాలమణక్క చప్పట్లు కొట్టడం లేదు. వంగి మైకు వైరు పీకేసింది.

మర్నాడు సాయంత్రానికి వాళ్ళ సామాను గల్లీలో ఉంది. గ్యాస్ పొయ్యి, ఒక ట్రంకు పెట్టె, బకెట్‌లో గరిటెలు. ఇంటి ఓనరు ఫోనులో నా ప్రసంగం చూసి తాళం వేశాడు. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని లిపిక పెట్టె మీద కూర్చుంది. స్వరూప నన్ను చూసి, "మంచిగ మాట్లాడినవట గదా అన్నా. నేను గూడ సూసిన. చప్పట్లు బాగ కొట్టిన్రు" అంది. అంతకంటే పదునైన మాట ఏ వాదనలోనూ ఎవరూ నన్ను అనలేదు.

బాలమణక్క వాళ్ళిద్దరినీ తన ఇంటికి తీసుకుపోయింది. నన్ను గుమ్మం బయటే ఆపింది.

"ముప్పై రోజులు నా పేరు బోర్డు మీద ఉండె విఠల్. అది సర్కార్ పెట్టిన బోర్డు. నా అన్నలు కర్రలు పట్టుకొని వస్తరని దానికి తెల్వది. నీకు తెల్సు గదా?"

"నేను వాళ్ళ కోసమే..."

"వాళ్ళను అడిగినవా? అడగలే. నువ్వు గెలువనీకె వాళ్ళను నూకినవ్." గుమ్మానికి అడ్డం పెట్టిన చెయ్యి తీయకుండానే, "రేపటి సంది రూము దేవులాడాలె. నువ్వు నాతోని వస్తవ్. నోరు మాత్రం ఇంట్ల వెట్టి రా" అంది.

మూడు వారాలు తిరిగాం. ఇస్నాపూర్, వెలిమెల, కర్దనూర్. నిజం దాచి ఇల్లు తీసుకుందామని నేనంటే స్వరూప ఒప్పుకోలేదు. "దాస్తే మళ్ళ ఎల్లగొడ్తరు. చెప్పే పోదాం. గని నేనే చెప్త." ప్రతి గుమ్మం ముందూ ఆమె మాట్లాడేది, నేను వెనక నిలబడేవాణ్ణి. చర్చల్లో పదేళ్ళలో నేర్చుకోనిది ఆ మూడు వారాల మౌనంలో నేర్చుకున్నాను. తలుపులు మూసుకున్న ఇళ్ళే ఎక్కువ. కర్దనూర్‌లో జైబున్నీసా అని ఒక ముసలమ్మ, బట్టలు కుట్టుకుని బతికేది, కుట్టు ఆపి అంతా విన్నది.

"నాకు నచ్చలే బేటీ. మా దీన్‌ల ఇది పాపం" అంది ముఖం మీదే. స్వరూప వెనుదిరగబోయింది. "ఆగు, ఏడికి పోతున్నవ్? నీ పాపానికి పైన నువ్వు జవాబు చెప్పుకుంటవ్, నాదానికి నేను. ఇద్దరి జవాబు నేనేడ చెప్త? నా నమాజ్ నాది, మీ వంట మీది. కిరాయి ఐదో తారీఖు. మోటర్ గంట కన్న ఎక్కువ నడిపిన్రో, అప్పుడు మాత్రం అల్లాను పిలువ, నేనే వచ్చి బంద్ జేస్త."

పాపమనే మాట వినగానే నా నాలుక దురద పెట్టింది. బాలమణక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. తిరిగొస్తూ ఆటోలో అంది: "ఆమె నమ్మకం ఆమె ఇంట్ల ఉంది. ఆ లీడరు దాన్ని కానూన్లకు నూకుతనంటున్నడు. మన కొట్లాట వానితోని." మతం మీద నేను రాసిన వ్యాసాలన్నీ ఆ మాట విన్న తర్వాత మళ్ళీ చదువుకున్నాను. సగం దాకా గోడలో దింపిన గేజ్‌లే.

ప్రమాణం చదవాల్సిన సభ పటాన్‌చెరులో జరిగింది. ముందురోజు స్వరూప వచ్చి, "అక్కా, నేను అడుగుత" అంది. "వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు, రేపు గూడ చెప్పొచ్చు, మైకు పట్టినంక గూడ చెప్పొచ్చు" అంది అక్క. ప్రశ్నలడగమన్నప్పుడు స్వరూప లేచింది. పక్కన లిపిక వంకర వేలు కనబడేలా చెయ్యెత్తి నిలబడింది.

"సార్, ఈమె వేళ్ళు నలిగిననాడు నా సంతకం చెల్లదన్నరు. రెండు గంటలు ఏడ్చిన. మీరు గెలిస్తే ఆ కాయిదంల నా పేరు రాసుకోనిస్తరా, లేదా? దేవుడు ఏమంటడో నేను అడుగుతలేను. మీరు ఏమంటరు?"

అభ్యర్థి వేదిక మీది పెద్దల వైపు చూశాడు. పెద్దలు అతని వైపు చూశారు. జనంలో గుసగుసలు లేచాయి, ఎవడో ఈల వేశాడు. ఆ ఈలను మించి వెనక నుంచి ఒక గొంతు వినిపించింది: "ఆడివిల్ల అడిగినదానికి జవాబు చెప్పు సార్! వాళ్ళ దిక్కు ఏం జూస్తవ్, ఓటేసేది మేం గదా!" తిరిగి చూస్తే మా మల్లేశ్. చుట్టూ ఉన్న కూలీలు, ముఖ్యంగా ఆడవాళ్ళు, చప్పట్లు కొట్టారు. "ఆలోచించి చెప్తానమ్మా" అన్నాడు అభ్యర్థి. ప్రమాణం కాగితం ఆ రోజు అతని జేబులోంచి బయటికి రాలేదు. అది విజయం కాదు. కానీ నూకకుండా అడిగిన ప్రశ్న ఎంత లోతుకు దిగుతుందో నేను కళ్ళారా చూశాను.

పోయిన వానాకాలం బాలమణక్కను ఆస్పత్రిలో చేర్చినప్పుడు మేమంతా వెళ్ళాం. యాదగిరి బావ చాపలేని చేత్తో కాగితం అదిమిపట్టి, సంబంధం అన్న చోట భర్త అని రాసి సంతకం పెట్టాడు. కౌంటర్‌లో అమ్మాయి తలెత్తనైనా లేదు. స్వరూప ఆ కాగితం వైపే చూస్తుండిపోయింది. మంచం మీంచి అక్క అది గమనించింది. "సూసినవా పిల్లా, అడగనే లేదు. ఒకప్పుడు మాకోసం కర్రలు లేపిన్రు. నిన్ను గూడ అడగని రోజు వస్తది. ఊకెనే రాదు గని, వస్తది." ఆవిడ నాతో అన్న ఆఖరి మాట వేరే. "విఠల్, గేజ్‌కు నూనె పెడుతుండు" అంది.

పెడుతున్నాను. స్వరూప, లిపిక ఇప్పటికీ కర్దనూర్‌లోనే ఉన్నారు, మోటారు తగాదా ఇప్పటికీ తెగలేదు. వాళ్ళ కథ ఇక్కడ రాయొచ్చా అని వాళ్ళనడిగాను. ఇవి వాళ్ళు నాకిచ్చిన వేరే పేర్లు, అసలువి కావు. వాళ్ళుండే ఊరి పేరూ, ఇంటి ఓనరు పేరూ అంతే. ఆ ఆస్పత్రి కాగితంలో వాళ్ళ అసలు పేర్లు పక్కపక్కన పడాలంటే మాత్రం నా వ్యాసం చాలదు. మీరు కావాలి. ఈసారి ఓటడగడానికి మీ గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఆపండి. ఇద్దరు వయసొచ్చిన మనుషులు కలిసి బతుకుతామంటే చట్టంలో చోటిస్తావా, లేక ఎవరినో అడిగి చెప్తావా అని అడగండి. అరవకండి, తిట్టకండి. మీ పేరు చెప్పి అడగండి, ఇంకెవరి పేరూ చెప్పకండి. అతను పక్కకు చూస్తే మళ్ళీ అడగండి. జవాబు చెప్పేదాకా గుమ్మం వదలకండి.